డేగ, కొంగ, గుడ్లగూబ

మా అన్నయ్య గేలెన్‌కి పాత పిలుపులు పన్నెండూ ఇప్పటికీ వచ్చు. వయసు అరవైకి దగ్గర పడింది, అయినా నిద్రలో లేపి అడగండి, గడగడా చెప్పేస్తాడు. ఇరవై రెండు అంటే ఎవడు ఎటు పోవాలి, నలభై అంటే ఎవడు ఎక్కడ ఆగాలి, అన్నీ. కొత్తవి మూడే మూడు. అవి మాత్రం రావు. ఆ మూడూ మా ఇంటికి వచ్చిన చలికాలం గురించే చెప్తా.

1989. నెబ్రాస్కాలో మాదో చిన్న వ్యవసాయ కాలేజీ. అన్నయ్యకి అక్కడ మూడేళ్ళు అయ్యాయి, ఇంకొక్క సీజన్ మిగిలుంది. నేను ఇంకా రెండో ఏడు. ఇద్దరం ఫుట్‌బాల్ మీదే చేరాం, లేకపోతే మమ్మల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. మా ఫుట్‌బాల్ తెలీనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తా. అవతలి పదకొండు మంది బంతి పట్టుకుని మా మీదకొస్తారు, మేం పదకొండు మందీ వాళ్ళని గుద్ది ఆపాలి. ఎవడు ముందుకు దూకాలి, ఎవడు వెనక ఆగాలి అనేది నడిమధ్య నిలబడినవాడు అరిచి చెప్తాడు. ఆ నడిమధ్యవాడు మా అన్నయ్య. నేను అందరికన్నా వెనక. అంటే ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా నాకు కనపడేది మా అన్నయ్య వీపు.

పాత కోచ్ గుండెజబ్బుతో మానేశాడు. జనవరిలో టెక్సాస్ నుంచి హాడిక్స్ అని కొత్తాయన వచ్చాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఎంత పెద్దవాణ్ణైనా అబ్బాయ్ అనే పిలుస్తాడు. మొదటిరోజే అందర్నీ క్లాసులో కూర్చోబెట్టి ఇటుకంత లావున్న నీలం పుస్తకం తలా ఒకటి ఇచ్చి, పాతవన్నీ మర్చిపొమ్మన్నాడు. ఇంతకుముందు పిలుపులన్నీ అంకెలు. ఈయనకి పక్షులు. డేగ అంటే ఎడమ చివరివాడు దూకాలి. కొంగ అంటే కుడి చివరివాడు. గుడ్లగూబ అంటే ఎవడూ దూకకూడదు, అందరూ వెనక్కి తగ్గాలి. ఇంతవరకే అయితే చిన్నపిల్లలు కూడా ఆడతారు. కానీ బంతి కదిలే ముందు అవతలివాళ్ళు ఒక మనిషిని ఇటు నుంచి అటు మార్చారనుకోండి, డేగ కాస్తా కొంగ అయిపోవాలి, కొంగ డేగ అయిపోవాలి. మధ్యలో ఉన్నవాడు అది చూసి రెప్పపాటులో అరవాలి. పుస్తకంలో మిగతాదంతా ఈ మూడింటి పిల్లలూ, మనవలే.

మా ముందు వరసలో ఆడే బూన్ అని ఒక బండోడు ఉండేవాడు. వాడు చెయ్యెత్తి, "మేం ఆడాలా కోచ్, గుడ్లు పెట్టాలా?" అన్నాడు. క్లాసంతా నవ్వు. కోచ్ కూడా కొంచెం నవ్వి, గుడ్లు పెట్టినా పర్లేదు, చెప్పిన చోట పెట్టమన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. రూలు ప్రకారం మార్చి ఇరవై ఏడు దాకా ఆయన మాతో మైదానంలో కాలు పెట్టకూడదు. బోర్డు మీద చెప్పొచ్చు, అంతే. నడిచి, నిలబడి, అరిచి నేర్చుకోవడం మాదే. ఒకడికి ఒకడు నేర్పుకోవాలి. "ఈ రెండు నెలలూ మీ కోచ్ ఇతనే" అని అన్నయ్య భుజం మీద చెయ్యేశాడు. అన్నయ్య తల ఊపాడు. ఆ ఊపడం చూసి నాకు గర్వంగా అనిపించింది.

మైదానం మీద మోకాలి లోతు మంచు. అందుకని కాలేజీ పశువుల షెడ్డులో చేసేవాళ్ళం. సంతకి తీసుకెళ్ళే ముందు ఆవుల్ని నడిపించి చూసే చోటు అది. కింద రంపపు పొట్టు, పైన రేకులు, ఎప్పుడూ పేడ వాసన. అవతలి జట్టు కింద పదకొండు దాణా బకెట్లు వరసగా పెట్టుకునేవాళ్ళం. ఒకడు ఒక బకెట్టుని కాలితో ఇటు నుంచి అటు తోస్తాడు. అంటే మనిషి మారాడని లెక్క. వెంటనే అన్నయ్య అరవాలి.

మొదటిరోజు ఎడమవైపు బకెట్టు కుడికి వెళ్ళింది. అన్నయ్య అది చూశాడు, నోరు తెరిచాడు, "ఇరవై రెండు" అన్నాడు.

అందరూ పకపకా నవ్వారు. బూన్ అయితే, పాపం అన్నకి పాత పెళ్ళాం మీద ఇంకా మోజు తీరలేదు అన్నాడు. అన్నయ్య కూడా నవ్వేశాడు. మళ్ళీ చేశాం. మళ్ళీ ఇరవై రెండు. మూడోసారి ఏమీ అనలేదు, బకెట్టు వంక అలా చూస్తూ ఉండిపోయాడు. కొత్త కోచ్ మీద కోపంతో కావాలనే చేస్తున్నాడని జట్టులో సగం మంది అనుకున్నారు. కొందరికి అది నచ్చింది కూడా. నేను వెనక నిలబడి ఉన్నా కదా, అన్నయ్య మెడ మీద చెమట పట్టడం చూశా. ఆ షెడ్డులో నోట్లోంచి పొగ వచ్చేంత చలి.

నాలుగోసారి బకెట్టు కదిలింది. నేను వెనక నుంచి మెల్లగా "కొంగ" అన్నా.

అన్నయ్య గట్టిగా "కొంగ" అని అరిచాడు. పదకొండు మందిమీ వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాం. అలా మొదలైంది. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఆటలో వెనకోడు ముందోడికి ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. వారం తిరిగేసరికి జట్టులో అందరికన్నా బాగా నేర్చుకున్నది గేలెనే అని పేరొచ్చింది.

ఇంట్లో అమ్మ, అన్నయ్య, నేను. నాన్న పోయి చాన్నాళ్ళయింది. అమ్మ స్కూలు బస్సు నడిపేది. పొద్దున్నే మంచు గీకి బస్సు తీసేది, సాయంత్రం ఐదుకి ఇంటికొచ్చేది. ఒకరోజు చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర వండి, పక్కన దాల్చినచెక్క రోల్స్ పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టింది. అన్నయ్య పక్షులు చదువుకుంటానంటే ఎండు చిక్కుడుగింజలు తెచ్చి టేబుల్ మీద పోసింది. పదకొండు తెల్లవి, పదకొండు ఎర్రవి. అమ్మ ఒక గింజని వేలితో జరపడం, అన్నయ్య పిలుపు చెప్పడం. గంటసేపు ఆడారు. చివరికి ఒక్కటీ తప్పు పోకుండా చెప్పాడు. అమ్మకే వచ్చేశాయంటే చూడండి. "నన్ను పెట్టుకోమను మీ కోచ్‌ని, బస్సు కన్నా ఇదే నయం" అంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అమ్మ సరదాకి, ఏంట్రా మరి పక్షులు అని అడిగింది.

"ఏ పక్షులు?" అన్నాడు అన్నయ్య.

వేళాకోళం చేస్తున్నాడని అమ్మ నవ్వబోయింది. అన్నయ్య మొహం చూసి ఆగిపోయింది. గింజలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. వాటి వంక చూసి, ఎవరు పోశారివి అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆఁ, అవును, అవును" అన్నాడు. అది గుర్తొచ్చిందని మేం అనుకోవాలని అన్నదని నాకు తెలుసు.

అన్నయ్య బయటికెళ్ళాక, పోయిన సీజన్లో వాడి తలకి ఎన్నిసార్లు దెబ్బ తగిలింది అని అమ్మ నన్ను అడిగింది. ఒకసారి అన్నా. నిజానికి మూడుసార్లు.

ఆ మూడింటి సంగతి చెప్పాలి. మా జట్టుకి ప్రూట్ అని ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ డాక్ అనేవాళ్ళు కానీ డాక్టరేం కాదు, చీలమండలకి పట్టీలు చుట్టేవాడు. మంచి మనిషి. ఎవడికైనా తల దిమ్మెక్కితే పక్కకి కూర్చోబెట్టి మొహం ముందు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగేవాడు. ఎప్పుడూ రెండే చూపించేవాడు. ఆయనకది అలవాటు. ఆ సంగతి జట్టు మొత్తానికి తెలుసు. కొత్తగా చేరినవాడికి లాకరు తాళంచెవితో పాటు చెప్పేవాళ్ళం, డాక్ అడిగితే రెండు అను అని. రెండంటే మళ్ళీ ఆటలోకి. అక్టోబర్లో ఒక ఆటలో తలకి దెబ్బ తగిలి పడ్డాక అన్నయ్య లేచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, మొహం మాత్రం అవతలి జట్టువైపు కాదు, మావైపు ఉంది. నేనే పట్టుకుని పక్కకి తీసుకెళ్ళా. డాక్ వస్తుంటే చెవిలో "రెండు" అని చెప్పింది కూడా నేనే. ఎందుకంటే మేం గెలుస్తున్నాం, ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయి.

కోచ్ మారకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పాత పన్నెండూ తలలో పాతుకుపోయి ఉన్నాయి, ఇల్లు తెలుసు, దారి తెలుసు, జోకులు తెలుసు. కొత్తది నిలబడట్లేదని, కొత్తది ఇస్తేనే కదా తెలిసేది.

ఫిబ్రవరిలో వంటింట్లో పైపు కారి కింది అర తడిసిపోయింది. అమ్మ ప్లేట్లన్నీ తీసి పొయ్యి పక్క అరలో పెట్టింది. అన్నయ్య రోజూ వచ్చి పాత అర తలుపే తీసేవాడు. ఖాళీ అర వంక చూసేవాడు. ప్లేట్లేవి అని అడిగేవాడు. అమ్మ చూపించేది. మర్నాడు మళ్ళీ అదే తలుపు. నాలుగురోజులు, వారం, రెండు వారాలు. పదహారో రోజున అమ్మ చూపించలేదు. తనే ప్లేటు తీసి అన్నయ్య ముందు పెట్టింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మార్చి రెండో వారంలో అన్నయ్య, నేను షెడ్డు నుంచి నడిచి వస్తున్నాం. మంచు కరిగి దారంతా బురద. నేనే ఆ మాట ఎత్తా. డాక్ దగ్గరికి కాదు, లింకన్‌లో పెద్దాసుపత్రికి వెళ్దాం అన్నా. కోపం తెచ్చుకుంటాడనుకున్నా. తెచ్చుకోలేదు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. "నాకే కదరా తెలిసేది."

మరి ఏం చేద్దాం అన్నా.

"నువ్వు వెనకాల ఉంటావుగా. ఒక్క సీజన్ రా తమ్ముడూ. నవంబర్‌తో అయిపోద్ది. అప్పుడు ఏ ఆసుపత్రి అంటే ఆ ఆసుపత్రి. ఇప్పుడు చెప్పామనుకో, పక్కన కూర్చోబెడతారు. ఇది కూడా లేకపోతే నేనేం చేస్తానో నాకు తెలీట్లేదు."

సరే అన్నా. మాటిచ్చా. చెయ్యి కూడా కలిపా. వసంతం ప్రాక్టీసులో మొదటి రెండు రోజులూ హెల్మెట్లే, ఒంటికి తగలకుండా ఆడతారు. మూడోరోజు నుంచి గుద్దుకోవడం. అది ఇద్దరికీ తెలుసు.

ఇరవై ఆరో తారీఖున అమ్మ బస్సులో పిల్లల్ని దింపి త్వరగా ఇంటికొచ్చింది. నేను వచ్చేసరికి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. పైపు బాగుచేయించింది, అర తుడిచింది, ప్లేట్లు ఒక్కొక్కటీ మళ్ళీ పాత చోట పెడుతోంది. నన్ను చూసి, "వాడికి ఇబ్బందిగా ఉంటోంది కదా, ఇక్కడే ఉండనీ" అంది.

అంతే అంది. మళ్ళీ ప్లేట్లు సర్దుకుంది. నేను గుమ్మంలో నిలబడి చూశా. అమ్మ చేసేది, నేను చేసేది ఒకటే అనిపించింది. వాడు తలుపు తీసేసరికి ప్లేటు ఉంటే చాలు మాకు. ఆవిడ చేసిందాంట్లో వాడికి దెబ్బ తగలదు. నేను చేసేదాంట్లో తగులుద్ది.

మర్నాడు ఒకటే గాలి. మైదానం పచ్చగా లేదు, ఎండుగడ్డి రంగులో ఉంది. కోచ్‌లు అందరూ మొదటిసారి లోపలికొచ్చారు, హాడిక్స్ మెడలో ఈల. డాక్ తన డబ్బా పట్టుకుని గీత అవతల మడతకుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఎదురుగా బకెట్లు కాదు, మనుషులు. అన్నయ్య మధ్యలో నిలబడి చేతులు చరిచి అందర్నీ కేకలేసి నిలబెట్టాడు. ఎంత బాగా చేస్తాడో ఆ పని. పాతరోజుల్లాగే ఉంది.

మొదటి రెండుసార్లు చెప్పా. రెండుసార్లూ అరిచాడు. కోచ్ బాగుంది అబ్బాయ్ అన్నాడు.

మూడోసారి అవతలివాడొకడు కుడి నుంచి ఎడమకి పరిగెత్తి నిలబడ్డాడు. డేగ అవ్వాలి. నాలుక చివర ఉంది. నేను అన్నయ్య వీపు వంక చూశా, హెల్మెట్ కింద మెడ వంక చూశా. చెప్పలేదు.

ఒక క్షణం. ఇంకో క్షణం. అవతలివాళ్ళు వంగి ఆగి ఉన్నారు. మావాళ్ళు అన్నయ్య వైపు చూస్తున్నారు. అన్నయ్య వెనక్కి తిరిగాడు. ఆటలో నడిమధ్యవాడు బంతికి వీపు పెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు. హెల్మెట్ కడ్డీల్లోంచి నన్ను చూశాడు.

"చెప్పరా" అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు, ఇంట్లో ఉప్పు అందుకోమన్నట్టు. అందరికీ వినపడింది. నేను నేల చూశా. "డ్వేన్, చెప్పు" అన్నాడు మళ్ళీ.

కోచ్ ఈల ఊదలేదు. నడుచుకుంటూ వచ్చి అన్నయ్య పక్కన నిలబడి, ఏం చెప్పాలి అబ్బాయ్ అతను అని అడిగాడు. కోచ్ నా వంక చూశాడు. ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నావ్ అన్నాడు. జనవరి నుంచి అన్నా. ఆయన ఇంకేం అడక్కుండా డాక్ వైపు చెయ్యి ఊపాడు.

డాక్ డబ్బా పట్టుకుని గాలికి ఎదురు నడిచి వచ్చాడు. ఆయాసం. డబ్బా కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, హెల్మెట్ తియ్యమని అన్నయ్యకి చెప్పాడు. అన్నయ్య తీశాడు. డాక్ చెయ్యి ఇంకా కోటు జేబులోనే ఉంది.

"రెండు" అన్నాడు అన్నయ్య.

డాక్ చెయ్యి జేబులోనే ఆగిపోయింది. తర్వాత ఆ ముసలాయన అన్నయ్య మోచెయ్యి పట్టుకుని, పద నాయనా, అలా కూర్చుందాం అని గీత దాటించి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన నిలబడ్డాడు. ప్రాక్టీసు అయిపోయేదాకా అలానే నిలబడ్డాడు.

లింకన్‌లో తలకి ఫొటోలు తీశారు. ఇక ఆడకూడదన్నారు. ఇంకో గట్టి దెబ్బ తగిలుంటే ఏమయ్యేదో కూడా చెప్పారు, అది అమ్మకి చెప్పారు, అమ్మ మాకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అన్నయ్య చోటు ఇంకొకడికి వెళ్ళింది. బూన్ భోజనాల దగ్గర నా పక్కన కూర్చోవడం మానేశాడు. సొంత అన్నని అందరి ముందూ అలా చేశాడంట అని ఊళ్ళో అన్నారు. అన్నవాళ్ళ తప్పు లేదు. ఆసుపత్రికి పంపమని ముందే కోచ్‌కి గదిలో చెప్పి ఉండొచ్చు కదా, ఎందుకు అలా చేశావ్ అని చాలామంది అడిగారు. గదిలో చెప్తే వాడు రెండు అనేవాడు, వీళ్ళు నమ్మేవాళ్ళు. ఇది నేను తర్వాత ఆలోచించుకున్న సమాధానం. ఆరోజు మాత్రం నాకు నోరు రాలేదు, అంతే.

ఆ సంవత్సరం నేనూ ఆడలేదు. వేరేవాడి వీపు చూస్తూ నిలబడబుద్ధి కాలేదు. ధాన్యం గోదాములో పనికి చేరా.

అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. ఏప్రిల్, మే, జూన్. ఇదొక్కటి ఎలా గుర్తుందో వాడికి, నాకు ఆశ్చర్యం. పక్షులు నిలబడలేదు, ఆసుపత్రి డాక్టరు పేరు నిలబడలేదు, నామీద కోపం మాత్రం పొద్దున లేచేసరికి సిద్ధంగా ఉండేది. సాయంత్రం భోజనానికి పాత అర తలుపు తీసి రెండు ప్లేట్లు తీసేవాడు. అమ్మకొకటి, తనకొకటి. నా ప్లేటు నేను తీసుకునేవాణ్ణి. అమ్మ ఒక్కరోజు కూడా మధ్యలోకి రాలేదు.

ఆగస్టులో ఒకరోజు, కాలేజీలో కొత్త సీజన్ ప్రాక్టీసు మొదలైన వారం, కిటికీలోంచి ఈల వినపడుతోంది. మా ఇల్లు మైదానానికి అంత దగ్గర. అన్నయ్య కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత వచ్చి అర తలుపు తీశాడు. ఒక ప్లేటు అమ్మ ముందు పెట్టాడు. ఒకటి తన చోట పెట్టుకున్నాడు. మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకొకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

తినడం సగంలో ఉండగా అడిగాడు.

"ఆ పక్షులేంట్రా?"

"డేగ, కొంగ, గుడ్లగూబ" అన్నా.

"తిక్క పేర్లు" అన్నాడు.

అవునన్నా. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పా. ఇప్పుడు ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. నా భార్య వంటిల్లంతా మార్పించింది కానీ ప్లేట్ల అర మాత్రం ముట్టుకోనివ్వలేదు నేను. ఈరోజు పొద్దున కూడా అడిగాడు.